జిమ్‌లో చేరాక బరువు పెరిగింది.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. బరువు తగ్గాలని 16 రోజుల కిందట జిమ్‌లో చేరాను. వారానికి ఆరు రోజులు, రోజుకు గంటన్నర చేస్తున్నాను. చేరిన రోజు ఉదయం 72.4 కిలోలు ఉన్నాను. నిన్న సాయంత్రం జిమ్ నుంచి వచ్చి చూసుకుంటే 74.2! తిండి తగ్గించానే తప్ప పెంచలేదు. ట్రైనర్‌ని అడిగితే ‘అది కండ మేడమ్, మంచిదే’ అంటున్నాడు. అక్కేమో థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంటోంది. ఒళ్లు నొప్పులకు తట్టుకోలేక రోజూ రాత్రి ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఇంత కష్టపడి బరువు పెంచుకోవడం దేనికి, మానేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు? - ఒక సోదరి

డాక్టర్ సలహా: మానేయకండి. అలాగని ఇప్పుడు చేస్తున్నట్టే కొనసాగించొద్దు కూడా.

ముందు కొవ్వు సంగతి తేల్చేద్దాం, మీ టెన్షన్ అంతా దాని గురించే కాబట్టి. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే, ఖర్చయ్యే దానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. మీకు పెరిగింది 1.8 కిలోలు. అదంతా కొవ్వే అనుకుంటే ఈ 16 రోజుల్లో దాదాపు 14 వేల కేలరీలు, అంటే రోజుకు 850కి పైగా, అదనంగా లోపలికి వెళ్లి ఉండాలి. రోజూ ఇంకో పూటకు మించి భోజనం చేసినంత. తిండి తగ్గించి, గంటన్నర చెమటోడుస్తున్న మనిషికి అది జరిగే పని కాదు.

మీ ట్రైనర్ అన్నట్టు అది కండా కాదు. మీకు ధైర్యం చెప్పాలనే ఆయన అలా అని ఉంటారు. కానీ కండ అంత తొందరగా రాదు. నెలల తరబడి బరువులెత్తి, సరిపడా ప్రొటీన్ తింటే మెల్లగా వస్తుంది. రెండు వారాల్లో కిలోన్నర కండ వచ్చేటట్టుంటే జిమ్‌లకు ప్రకటనలు వేసుకునే అవసరమే ఉండేది కాదు.

మరి పెరిగిందేమిటంటే, చాలావరకు నీరు.

చేరిన రెండో రోజో మూడో రోజో మెట్లు దిగుతుంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చిందా? కుర్చీలో కూర్చోబోతే తొడలు పట్టేశాయా? అలవాటు లేని కండరంతో ఒక్కసారిగా పని చేయిస్తే, ముఖ్యంగా బరువును మెల్లగా కిందికి దించేటప్పుడు, దాని పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. వాటిని బాగుచేయడానికి రక్తంలోంచి నీరు, తెల్లకణాలు అక్కడికి చేరతాయి. దెబ్బ తగిలిన వేలు వాచినట్టే మీ తొడలు, వీపు, భుజాలు లోలోపల కాస్త వాస్తాయి. పైకి కనబడదు, బరువు మెషీన్ పట్టేస్తుంది. ఈ నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గిపోతుంది. మీరేమో వారానికి ఆరు రోజులు చేస్తున్నారు. పాత వాపు తీయకముందే కొత్తది మొదలవుతోంది.

ఇంకొకటి గ్లైకోజెన్. కండరాలు వాడుకునే చక్కెర నిల్వ అది. రోజూ పని పడుతోందని తెలిసేసరికి కండరం ఈ నిల్వను పెంచుకుంటుంది. అయితే ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ 150 గ్రాములు పెరిగిందనుకోండి, నీటితో కలిపి 600 గ్రాములైంది.

రక్తం కూడా పెరుగుతుందంటే చాలామంది నమ్మరు. కఠినమైన వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే శరీరం ఉప్పును, నీటిని దాచుకుని రక్తంలోని ద్రవభాగాన్ని, అంటే ప్లాస్మాను పెంచుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో 10 శాతమో, అంతకంటే ఎక్కువో పెరగొచ్చు. పెద్దవాళ్లలో ప్లాస్మా రెండున్నర, మూడు లీటర్ల దాకా ఉంటుంది కాబట్టి అదో పావు కిలో అనుకోండి. దీనివల్ల గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, చెమట పట్టడానికి నీళ్లు సిద్ధంగా ఉంటాయి. మొదటి రోజు ఐదు నిమిషాలకే ఆయాసపడ్డ మీరు ఇప్పుడు పది నిమిషాలు చేయగలుగుతున్నారంటే అందులో దీని వాటా ఉంది. పెరిగిందని మీరు బాధపడుతున్న బరువులో ఇదీ ఒక భాగం.

పైగా మొదటిసారి ఉదయం చూసుకున్నారు, రెండోసారి సాయంత్రం. పొద్దుటి నుంచి తిన్నదీ తాగినదీ కడుపులో ఉండగా చూసుకుంటే ఎవరికైనా కిలో వరకు తేడా రావచ్చు. నెలసరికి ముందు వారంలో ఒళ్లు నీరు పట్టే ఆడవాళ్లూ ఎక్కువే. నెలసరి ఆలస్యమై ఉంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి ముందు గర్భ పరీక్ష చేసుకోండి. కండ కోసం జిమ్‌కు వెళ్లేవాళ్లు తాగే క్రియేటిన్ పొడి ఏమైనా వాడుతున్నారా? మీరు రాయలేదు. అదైతే మొదటి వారంలోనే కిలో వరకు నీరు పట్టించగలదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బరువు కాదు, ఆ మాత్ర. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలు ఉప్పును, నీటిని బయటికి వదలకుండా చేస్తాయి. బరువు పెరగడానికి అదీ ఓ కారణమే. చెమట రూపంలో నీళ్లు పోయి, సరిగా తాగక, పైన రోజూ ఈ మాత్ర పడితే కిడ్నీలకే ముప్పు. ఈ రాత్రి నుంచే ఆపేయండి. వ్యాయామాన్ని వారానికి నాలుగు రోజులకు, రోజుకు 45 నిమిషాలకు తగ్గించి, ఈ రోజు కాళ్లకు పని చెబితే మళ్లీ కాళ్ల వంతు రావడానికి రెండు రోజుల విరామం ఉండేలా చూసుకుంటే మాత్రతో పని పడదు. మధ్య రోజుల్లో ఊరికే నడవండి. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోండి, కండరం బాగుపడాలంటే అదీ కావాలి.

అలాగే నీరు పట్టిందన్నాను కదా అని నీళ్లు తాగడం తగ్గించడం, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకోవడం చేయకండి. ఆ మాత్రలతో ఒక రోజులో కిలో తగ్గి మురిసిపోయి, మర్నాడు కళ్లు తిరిగి పడిపోయి వచ్చినవాళ్లను చూశాను.

థైరాయిడ్ లోపంతో బరువు పెరగడానికి నెలలు పడుతుంది. చలి ఎక్కువగా అనిపించడం, మలబద్ధకం, నెలసరిలో తేడాలు, జుట్టు రాలడం లాంటివి ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. అవేవీ లేకపోతే తొందరేం లేదు. ఒకవేళ దాంతో పాటు అన్ని పరీక్షలూ కలిపి చేయించుకుంటే గనక, ముందు ఓ వారం బరువులెత్తడం ఆపండి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కండరం నలిగితే అవి రక్తంలో పెరుగుతాయి. మందు ముట్టని ఓ కుర్రాడు కాలేయం పాడైందని హడలిపోతూ నా దగ్గరికి వచ్చాడు. తీరా అడిగితే, రిపోర్టుకు రెండు రోజుల ముందే వ్యాయామం మొదలెట్టానన్నాడు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ‘నీరేలే’ అనుకుని ఊరుకోకూడదు. మూత్రం కోలా రంగులోకి మారి, కండరాలు భరించలేనంత నొప్పితో గట్టిపడితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కండరం కరిగి రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీసే పరిస్థితి అది. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. బొటనవేలితో మోకాలి కింద ఎముక మీద పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే, పడుకుంటే ఆయాసం వస్తే, పొద్దున్నే ముఖం ఉబ్బి మూత్రం నురగ వస్తుంటే గుండె, కిడ్నీల పరీక్ష తప్పనిసరి.

ఇవేవీ లేవనుకుంటే, ఇక నుంచి వారానికి రెండు మూడుసార్లు, ఉదయం లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూసుకోండి. ఒక్కో అంకెను పట్టించుకోకుండా వారం సగటు రాసుకోండి. నడుము కొలత కూడా రాయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మామూలుగా మూడు, నాలుగు వారాలకు వాపు నీరు దిగి, బరువు తగ్గడం మొదలవుతుంది. ఆరు వారాలైనా బరువూ నడుమూ రెండూ కదలకపోతే అప్పుడు తిండి లెక్క చూద్దాం. వ్యాయామంతో ఆకలి పెరుగుతుంది, మనకు తెలియకుండానే చేయి జారుతుంది. ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే కేలరీల అంకెను నమ్మి ఆ మేరకు తినేసేవాళ్లూ ఉన్నారు. ఆ అంకె చాలాసార్లు అసలు ఖర్చు కంటే ఎక్కువే చూపిస్తుంది.

అన్నట్టు, బరువు మెషీన్‌ను గట్టి నేల మీదే పెట్టుకోండి. మెత్తటి కార్పెట్ మీద పెడితే అది చూపించే అంకె మీద ఆధారపడలేం.