ఎం.ఎడ్.కు వెళ్లాలనుకుంటున్న మిషన్ బడి టీచరుకు

కడప నుంచి,

అమ్మాయికి ప్రభువు నామంలో వందనాలు.

బి.ఎడ్. తరువాతి పై చదువైన ఎం.ఎడ్.లో చేరాలా వద్దా అని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. 2015 నుంచి ఆ కోర్సు రెండేళ్లయింది కాబట్టి, జీతం లేకుండా అన్నాళ్లు ఇల్లు ఎలా గడుస్తుందన్న నీ దిగులు న్యాయమైనదే. అయినా చేరమనే నా సలహా. తిరిగి వచ్చాక ఉద్యోగం ఉంటుందన్న హామీని మాత్రం యాజమాన్యం దగ్గర కాగితం మీద రాయించుకొని మరీ వెళ్లు.

ఆ చదువు నన్ను ఎలా మార్చిందో చెబితే నీకు ఉపయోగపడుతుంది. బి.ఎడ్. పూర్తిచేసి బడిలో చేరిన తొలి ఏళ్లలో నేను బెత్తం లేనిదే తరగతిలో అడుగుపెట్టేదాన్ని కాదు. ఎవరైనా తప్పంటే బైబిలులో సామెతల గ్రంథం పదమూడో అధ్యాయం తెరిచి, బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి అన్న వాక్యం చూపేదాన్ని. ఎం.ఎడ్.లో మా గైడు గారు ఎవరు ఏం చెప్పినా, "నీకెలా తెలిసింది, మూలం చూశావా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న నన్ను వదలక, హీబ్రూ చదువుకున్న ఒక పాస్టరు గారి దగ్గరకు వెళ్లి ఆ వాక్యం గురించి అడిగాను. మన తెలుగు బైబిలు అక్కడ "బెత్తము" అన్నదానికీ, ఇరవైమూడో కీర్తనలో కాపరి చేతి "దుడ్డుకఱ్ఱ" అన్నదానికీ మూలంలో ఉన్నది షేబెత్ అనే ఒకే మాట అని ఆయన చూపించారు. మన సీమలో గొర్రెల కాపరి కర్ర ఎందుకు పడతాడో నీకు తెలుసు: తుమ్మకొమ్మ వంచి మేకలకు ఆకు అందించడానికి, తోడేలును తరమడానికి, పక్కదారి పట్టిన పిల్లను మందలోకి మళ్లించడానికి. ఆ తరువాత నేను బెత్తం పట్టలేదు, అంతకుముందు నా చేతి దెబ్బ తిన్న పిల్లల ముఖాలను మరచిపోనూ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ చట్టానికి జడిసి మాత్రమే బెత్తం పక్కన పెట్టినవారు నోటితో కొట్టడం నేను ఎన్నో స్టాఫ్‌రూముల్లో విన్నాను.

ప్రార్థన విషయమూ అంతే. మన బళ్లలో హిందువుల పిల్లలూ, ఇక్కడ కడపలోనైతే ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ చదువుకుంటారు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందిన బడిలో, పెద్దల అంగీకారం లేకుండా పిల్లలను మతబోధకో ఆరాధనకో రమ్మని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అది నేను చదివింది ఎం.ఎడ్.లోనే. నా విశ్వాసం దానివల్ల తగ్గలేదు. తల్లిదండ్రులను పిలిచి అడగడం మాత్రం అలవాటయింది.

ఇక డిసర్టేషన్, అంటే కోర్సులో భాగంగా రాయాల్సిన పరిశోధన వ్యాసం. మూడువందల మందికి ప్రశ్నావళి పంచి శాతాలు కట్టే అంశం తొందరగా ముగుస్తుంది గనుక చాలామంది దానినే ఎంచుకుంటారు. నీవు నీ తరగతిలో నిన్ను బాధిస్తున్న విషయాన్నే తీసుకో. అనంతపురం వైపు పనిచేసిన రోజుల్లో, లెక్కలు రాని కొందరు పిల్లలను నేను మొద్దులనే అనుకున్నాను. మూడేళ్ల హాజరుపట్టీలు ముందు వేసుకొని చూస్తే, వారిలో ఎక్కువమంది శెనక్కాయలు పీకే రోజుల్లో బడికి రాలేదని తేలింది; మేము భిన్నాలు మొదలుపెట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. పాఠాన్ని నెల వెనక్కి జరిపాం, సాయంత్రాలు మళ్లీ చెప్పాం. ఆ పట్టీలు ఏళ్ల తరబడి నా బల్ల సొరుగులోనే ఉన్నాయి, వాటిని ఎలా చదవాలో మాత్రం అప్పటిదాకా నాకు తెలియలేదు.

పట్టా చేతికి రాగానే పదో తరగతి కావాలని అడగవద్దు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ వారు కడపలో పని మొదలుపెట్టినది మొదలు, చదువెరుగని ఇళ్ల బిడ్డకు అక్షరం అందించడమే మన బళ్ల పెద్ద పని. ఎక్కువ చదివిన టీచరు ఎక్కువగా అవసరమయ్యేది ఆరో తరగతిలో తడబడుతూ చదివే పిల్లలకే.

దసరా సెలవుల్లో ఇక్కడికి రా. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక పూట కూర్చుందాం. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకొని, మీ తరగతి హాజరుపట్టీల నకళ్లు వెంట తెచ్చుకో.