ఇంటి ముందు చిన్న ఖాళీలో తురాయి పెట్టొచ్చా? వేరే ఏవి బాగుంటాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంటి ముందు 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఖాళీ ఉంది. మధ్యాహ్నం దాకా ఎండ, తర్వాత నీడ. ఒక పూలచెట్టు, పక్కన నాలుగైదు పొదలు కావాలి. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. తురాయి పెట్టాలని మీ మనసులో ఉంది.

తురాయి మాత్రం వద్దండి. నాకు చాలా ఇష్టమైన చెట్టు కాబట్టి ఈ మాట చెప్పడానికి కష్టంగానే ఉంది. నేనూ మొదట అదే పెట్టాను, ప్రహరీకి నాలుగడుగుల దూరంలో. అప్పుడది నడుమెత్తు మొక్క, నాలుగడుగులు చాలనిపించింది. నాలుగో ఏటికల్లా ఇంటి కప్పు దాటింది. ఆరో ఏడు పూసినప్పుడు రోజూ పొద్దున్నే దాని కింద కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఎనిమిదో ఏడు ముంగిట్లో పరిచిన బండలు ఒక పక్క లేచాయి, మధ్యలో వేలు దూరేంత సందు. ఒక బండ ఎత్తించి చూస్తే కింద నా ముంజేయంత లావు వేరు ఉంది. అది గోడ దాకా వెళ్లి, పునాది అడ్డు రాగానే పక్కకు తిరిగి, గోడ వెంటే పాకుతూ పోయింది. ఆ ఏడే గాలివానకు పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెట్టు కొట్టించిన రోజు చూడలేక ఇంట్లోంచి వెళ్లిపోయాను.

తప్పు చెట్టుది కాదు. అది 30, 40 అడుగులు పెరిగి, ఎత్తుకంటే వెడల్పుగా గొడుగులా పరుచుకునే చెట్టు. వేర్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. దాన్ని అంత ఇరుకులో పెట్టింది నేను.

అప్పటినుంచి ఏ చెట్టు తెచ్చినా ముందు ఒక పని చేస్తున్నాను. పూర్తిగా పెరిగాక అది ఎంత వెడల్పవుతుందో కనుక్కుని, అంత వెడల్పున నేల మీద తాడు గుండ్రంగా పరిచి చూస్తాను. తాడు గోడ మీదకో గడప మీదకో వస్తే ఆ చెట్టు అక్కడికి కాదు. నర్సరీలో అన్నీ మోకాలెత్తే ఉంటాయి కాబట్టి చూసి అంచనా వేయలేం.

మీ చోటుకి నేనైతే పారిజాతం పెడతాను. సగం రోజు ఎండ చాలు దానికి. వదిలేస్తే పెరుగుతుంది గానీ, పూత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే 10, 12 అడుగుల్లో ఆపుకోవచ్చు. సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి కాషాయరంగు కాడలతో నేలంతా పూలే. ఆకులు గరుకుగా ఉంటాయి, కొమ్మల తీరు అంత అందంగా ఉండదు. ఆ వాసన కోసం అదంతా ఓర్చుకోవచ్చు. దేవగన్నేరు కూడా చిన్న చోటుకి సరిపోయే చెట్టే, కాకపోతే ఎండ ఇంకాస్త ఎక్కువుంటేనే బాగా పూస్తుంది. పైగా కొమ్మ విరిస్తే కారే పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి.

పాప గురించి ఇక్కడే చెప్పేస్తాను. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ వద్దు. ఆకు, పువ్వు, కాయ, బెరడు అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. ఎండిన కొమ్మలు కాల్చినా పొగ ప్రమాదం. పిల్లలు కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చు కదా అని కూడా అనుకోకండి. పెట్టిన మొక్క ఉంటుంది, ఇంటికి వచ్చే పిల్లలూ ఉంటారు. మందారంతో ఆ టెన్షన్ లేదు. పాప చేతికందే వైపు అదే పెట్టండి. కొత్త చిగురు మీద పూస్తుంది కాబట్టి కత్తిరించడానికి భయపడక్కర్లేదు. లేత కొమ్మల కణుపుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. కొంచెం ఉన్నప్పుడే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తే మందులు అవసరం రాదు.

నందివర్ధనం నీడను బాగా తట్టుకుంటుంది. అదీ పాలు కారే మొక్కే, నోట్లో పెట్టుకోకూడనిదే, అందుకని వెనక వరసలో ఉంచండి. నా దగ్గర ఒకసారి రెండు రోజుల్లో సగం పొద ఆకుల్లేకుండా మోడైపోయింది. ఎంత వెతికినా పురుగు కనపడలేదు. కింద పడిన నల్లటి గుండ్రటి రెట్టల్ని బట్టి సరిగ్గా వాటి పైకి చూస్తే దొరికింది. వేలంత లావు గొంగళి, అచ్చం ఆకు రంగే, తల వెనక రెండు నీలం మచ్చలు కళ్లలాగా. పచ్చటి పెద్ద మాత్ (సీతాకోకచిలుక లాంటి పురుగు) ఒకటి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడుతుంది, దాని పిల్ల ఇది. నాలుగు పురుగులుంటే చేత్తో తీసి దూరంగా వదిలేశాను. నెల తిరగకుండా పొద మళ్లీ చిగిర్చింది. అలాంటప్పుడు కంగారుపడి మందు కొట్టకండి.

నూరువరహాలు అందరూ గోడవారనే పెడతారు, నేనూ అలాగే పెట్టాను. కొత్త ఆకులన్నీ పసుపుపచ్చగా వచ్చేవి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండేవి. ఎరువు తక్కువైందని ఎరువు వేశాను, ఏమీ మారలేదు. తవ్వి చూస్తే గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు పెళ్లలు, సున్నం. ఈ మొక్కకు పులుపు గుణమున్న నేల కావాలి. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేర్లు తీసుకోలేవు. ఆ చెత్తంతా తీసి, ఆకులు కుళ్లిన కంపోస్టు నింపి, చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము) ఆకుల మీద రెండుసార్లు పిచికారీ చేశాక కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. పాత ఆకులు అలాగే రాలిపోయాయి. మీదీ కొత్తగా కట్టిన గోడైతే ముందే తవ్వి చూసుకోండి.

కాగితం పూలు మీ నీడకు పనికిరావు, ముళ్లు కూడా ఉంటాయి.

నాటేటప్పుడు గొయ్యి లోతు మొక్క వేర్లతో ఉన్న మట్టిగడ్డ ఎత్తుకి మించకూడదు, వెడల్పు మాత్రం ఆ గడ్డ వెడల్పుకి రెండింతలైనా ఉండాలి. ఎక్కువ లోతు తీసి మొదలు పూడ్చేస్తే బెరడు కుళ్లుతుంది. నల్ల కవరు తీశాక వేర్లు చూడండి. నా మందారం ఒకటి రెండేళ్లయినా ఎదగకపోతే పీకి చూశాను. వేర్లు చుట్ట చుట్టుకుని ఇంకా కవరు ఆకారంలోనే ఉన్నాయి, ఒక్కటీ బయటి మట్టిలోకి పోలేదు. ఇప్పుడు నాటే ముందే వేళ్లతో వాటిని విడదీస్తాను, విడిపోకపోతే చుట్టూ మూడు నాలుగు చోట్ల నిలువుగా కత్తితో గీస్తాను.

కొనడానికి వెళ్లే ముందు ఒక అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఎంతసేపట్లో ఇంకాయో చూడండి. మర్నాటికి కూడా నిలిచే ఉంటే ఇక్కడ రాయండి. అప్పుడు పారిజాతాన్ని కట్ట పోసి ఎత్తు మీద నాటాల్సి ఉంటుంది, అదెలాగో వివరంగా చెబుతాను.