హెచ్‌ఐవీ పాఠంలో ప్రశ్నలు రాకపోవడం గురించి

మాస్టారూ, నమస్కారం. తొమ్మిదో తరగతిలో హెచ్‌ఐవీ పాఠం చెబితే ముసిముసి నవ్వులే తప్ప ఒక్క ప్రశ్నా రాలేదని మీరు రాశారు. వైరస్ ఎలా సోకుతుందో తెలిసిన పిల్లలు సైతం సిగ్గు వల్ల, తోటివారు ఎగతాళి చేస్తారన్న భయం వల్ల నోరు విప్పరు. మా బడిలో పేరు రాయనక్కరలేని చీటీల పెట్టె ఒకటి పెట్టాం. దోమ కుడితే వస్తుందా అన్న చీటీకి రాదని ఒక్క మాటలో చెప్పేశాను గాని, 'వద్దంటే ప్రేమ లేదనుకుంటారేమో' అని పెన్సిలుతో రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన చీటీ దగ్గర పీరియడ్ మొత్తం గడిచింది. ఎవరైనా ఒత్తిడి చేస్తే వద్దని చెప్పే మాటలను ఇద్దరిద్దరి చేత పలికించి సాధన చేయించండి. ఈ పని మొదట ఆడపిల్లలతో, మగపిల్లలతో విడివిడిగా చేస్తే బిడియం తగ్గుతుంది. పుర్రె బొమ్మల పోస్టర్లు మాత్రం దయచేసి తీసేయండి, అవి వెలివేతను పెంచి, హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లవలసినవారిని వెనక్కి లాగుతాయి. బోర్డు మూలన 1097 అని రాసి ఉంచండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం. 18 ఏళ్లు నిండనివారి పరీక్షకు పెద్దల సమ్మతి అడుగుతారు గనుక, తల్లిదండ్రుల సమావేశంలోనూ ఈ విషయం కదపడం మంచిది.