ఇద్దరు మగవాళ్ల ప్రేమకథకు జనం వస్తారు, భయమంతా కొనేవాళ్లదే

"పెద్ద హీరోతో, పాటలతో, మామూలు వాణిజ్య హంగులన్నిటితో ఇద్దరు మగవాళ్ల ప్రేమకథను తెలుగులో తీస్తే బాక్సాఫీసు దగ్గర నిలబడుతుందా?" అని అడిగారు.

నిలబడుతుంది. విశాఖపట్నంలో చాలా ఏళ్లు థియేటర్ మేనేజరుగా పనిచేశాను. అంతకు ముందు పంపిణీదారుల తరఫున రిప్రజెంటేటివ్‌గా ఇచ్ఛాపురం నుంచి పాయకరావుపేట దాకా హాలు హాలుకూ తిరిగి టికెట్ల లెక్కలు చూశాను. ఈ చర్చ వచ్చినప్పుడల్లా "మన జనం ఇంకా అంత ఎదగలేదు" అనే మాట వింటుంటాను. ఆ మాట అనేవాళ్లలో ఆట వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి జనం మొహాలు చూసినవాళ్లు ఎంతమంది? నా పనే అది కాబట్టి నేను చూశాను. ఇటువంటి కథకు అడ్డం పడేది టికెట్ కొనేవాడు కాదు, విడుదలకు ముందే ఏరియాకు ఇంత అని రేటు కట్టే బయ్యరు.

2020 ఫిబ్రవరి 21 మహాశివరాత్రి. తెలుగులో నితిన్ 'భీష్మ', హిందీలో 'శుభ్ మంగళ్ జ్యాదా సావధాన్' ఒకే రోజున విడుదలయ్యాయి. హిందీ సినిమాలో ఆయుష్మాన్ ఖురానా, జితేంద్ర కుమార్ ప్రేమికులు. ఒకరిది అలహాబాదులో ఉమ్మడి కుటుంబం. ఇంట్లో పెళ్లి, అప్పుడే తండ్రికి విషయం తెలియడం, రభస, ఇదీ కథ. విశాఖలో నేవీ, ఉక్కు కర్మాగారం ఉండటం వల్ల హిందీ సినిమాకు ఎప్పుడూ కొంత గిరాకీ ఉంటుంది. మా చిన్న హాలు దానికిచ్చి, పెద్ద హాలు 'భీష్మ'కు పెట్టాం.

శివరాత్రికి మన ఊళ్లలో జాగారం ఆటలు ఉంటాయి. సెకండ్ షో వదిలాక కూడా తెల్లవారుజాము దాకా ప్రత్యేక ప్రదర్శనలు వేస్తాం. గుడిలో అభిషేకం చూసుకుని ఉపవాసంతో వచ్చే పెద్దవాళ్లు, నిద్ర ఆపుకోవడానికి గుంపులుగా వచ్చే కాలేజీ కుర్రాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, అందరూ ఒకే హాల్లో కూర్చుంటారు. ఆ రాత్రి 'భీష్మ' నిండిపోయింది. టికెట్ దొరకనివాళ్లు ఇంటికి పోలేదు. పక్క హాల్లో ఏది ఉంటే అదే ఇవ్వమన్నారు. మా గేట్‌మన్ నా దగ్గరికి వచ్చి, "సార్, ఆడవాళ్లున్నారు, పెద్దవాళ్లున్నారు. సినిమా సంగతి ముందే చెబుదామా?" అని అడిగాడు. పోస్టర్ మీద ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు, పంపించు అన్నాను. హిందీ నేవీ కుటుంబాలు, ఉక్కు నగరం ఉద్యోగులు సగం, శివాలయం నుంచి వచ్చిన మనవాళ్లు సగం. ఇలాంటి కథ కోసం ఎన్నడూ ఏరికోరి ఇల్లు కదలని జనం దాని ముందు కూర్చున్నారు. చివరి వరుస వెనక గోడకు ఆనుకుని నేనూ నిలబడ్డాను.

రైల్లో వాళ్లిద్దరూ ముద్దు పెట్టుకోవడం తండ్రి కంట పడుతుంది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ముందు వరుసల్లోంచి ఒక ఈల, దాని వెనకే వెకిలి కేకలు. తండ్రి వాంతి చేసుకోగానే హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఎవరి మీద అన్నది జాగ్రత్తగా విన్నాను. ప్రేమించుకున్నవాళ్ల మీద కాదు, ఆ తండ్రి కంగారు మీద. హాల్లో బతికినవాడికి ఈ రెండు నవ్వులూ వేరని చెవికే తెలిసిపోతుంది. అరగంట గడిచేసరికి ముందు వరుసల కేకలు తగ్గాయి. ఎవరూ వాళ్లను గదమాయించలేదు. తల్లీ తండ్రీ కొడుకూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఏడుస్తుంటే కేకలు వేయడానికి ఎవరికీ నోరు రాదు.

ఇంటర్వెల్‌లో మెట్ల దగ్గర నిలబడ్డాను. సినిమా నచ్చకపోతే సరిగ్గా ఆ సమయానికి సైకిల్ స్టాండులో బళ్లు స్టార్ట్ అవుతాయి. ఆ రాత్రి స్టాండులో ఒక్క బండి కదలలేదు. ఉపవాసం ఉన్నవాళ్లు మజ్జిగ తాగి, మిగిలినవాళ్లు సమోసాలు తిని మళ్లీ లోపలికి వెళ్లారు.

ఆట వదిలాక ఒక పెద్దావిడ, నుదుట విభూతి, కోడలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది. నా దగ్గర ఆగి, "ఆ రెండో అబ్బాయికి ఎవరూ లేరా బాబూ? ఇంత గొడవ జరిగితే వాడి తరఫున ఒక్కరూ రాలేదేమిటి?" అని అడిగింది. హిందీ ఆవిడకు పెద్దగా రాదు. అయినా కథలో ఏది తక్కువైందో పట్టుకుంది. వాళ్ల నాన్న కొడితే ఇల్లు వదిలి వచ్చేశాడమ్మా అని కోడలు చెప్పింది. "అయితే మరి వీళ్లయినా వాణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెట్టాలి కదా" అంది పెద్దావిడ.

తెలుగులో ఈ కథ రాసేవాళ్లు ఆ మాట పట్టుకుంటే చాలు. మన ప్రేక్షకులకు ప్రేమకథంటే రెండు ఇళ్ల కథ. అటువైపు మేనమామ ఎవరు, ఇటువైపు నాయనమ్మ ఏమంటుంది, ఎవరు అలిగారు, ఎవరు కలిపారు, ఇవన్నీ కావాలి. అవి ఉంటే ప్రేమించుకున్నది ఎవరెవరన్నది మొదటి రీలు అయ్యేసరికి సర్దుకుంటుంది.

జాగారం జనాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఎవరైనా అనవచ్చు. నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. ఇష్టపడి వచ్చినవాళ్లకు నచ్చడంలో ఏముంది? వేరే సినిమాకు వచ్చి దీనిలో కూర్చున్నవాళ్లు చివరిదాకా కూర్చోవడమే అసలు పరీక్ష. దేశం మొత్తం మీద ఆ సినిమా పన్నులు పోగా సుమారు 60 కోట్లు (నెట్) తెచ్చింది. మార్చి మధ్యకల్లా కరోనాతో హాళ్లు మూతపడ్డాయి గానీ లేకపోతే ఇంకా ఆడేది.

ఇక బయ్యర్ల సంగతి. మన దగ్గర పెద్ద హీరో సినిమాను నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ముక్కలు చేసి ముందే అమ్ముతారు. మినిమం గ్యారంటీ కింద, అంటే ఆడినా ఆడకపోయినా ఇంత అని, ముందే డబ్బు కట్టినవాడు మొదటి శుక్ర, శని, ఆదివారాల్లోనే దాన్ని రాబట్టుకోవాలి. అందుకే దొరికిన ప్రతి హాలూ నింపుతాడు. నెమ్మదిగా నోటిమాటతో పుంజుకునే సినిమాకు ఈ పద్ధతిలో చోటే లేదు. ఇటువంటి ప్రేమకథకు కావలసింది ఆ నోటిమాటే. మొదటి రోజు మగపిల్లలు సిగ్గుపడతారు, పక్కవాడు ఏమనుకుంటాడో అని చూస్తారు. ఆదివారం మ్యాట్నీకి ఆడవాళ్లు వచ్చి వెళ్లాక సోమవారం నుంచి అసలు ఆట మొదలవుతుంది.

అమెరికాలో ఇటువంటి ప్రేమకథలవే రెండు విడుదలలు పక్కపక్కన పెట్టి చూడండి. 2005 డిసెంబరులో ఆంగ్ లీ తీసిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్'ను మొదట అయిదే అయిదు థియేటర్లలో వేశారు. ఒక్కో థియేటరుకు మొదటి వారాంతంలో సగటున లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. ఆ మాట పాకాక హాళ్లు పెంచుకుంటూ పోయారు. యూటా రాష్ట్రంలో ఒక థియేటర్ యజమాని చివరి నిమిషంలో సినిమా తీసేశాడు, అయినా ఆగలేదు. సుమారు 1.4 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 17 కోట్ల డాలర్లు దాటింది. 2022లో యూనివర్సల్ సంస్థ 'బ్రోస్' అనే హాస్య ప్రేమకథను సుమారు 2.2 కోట్ల డాలర్లతో తీసి, ఒకేసారి మూడు వేలకు పైగా థియేటర్లలో దించింది. మొదటి వారాంతంలో 50 లక్షల డాలర్లు కూడా రాలేదు. పదిహేడేళ్లలో జనం మనసు మరింత విశాలమైంది కదా, డబ్బు ఎందుకు తగ్గింది? హాళ్ల లెక్క తప్పింది కాబట్టి. నన్నడిగితే కారణం అదొక్కటే.

హీరో దొరకడనేది రెండో అభ్యంతరం. 2023 నవంబరులో మలయాళంలో 'కాథల్ ది కోర్' వచ్చింది. మనం 'స్వాతి కిరణం'లోనూ, రాజశేఖరరెడ్డిగా 'యాత్ర'లోనూ చూసిన మమ్ముట్టి, డెబ్బై దాటిన వయసులో, స్థానిక ఎన్నికకు నిలబడుతూ ఉండగా భార్య విడాకుల కేసు వేసిన గే మనిషిగా నటించారు. భార్య పాత్ర జ్యోతికది. నిర్మాణం కూడా మమ్ముట్టి సొంత సంస్థే. సొంత డబ్బు పెట్టారు కాబట్టి ఎవరి గదిలోనూ కూర్చుని ఎవరినీ ఒప్పించాల్సిన అవసరం రాలేదు. గల్ఫ్ మలయాళ సినిమాకు పెద్ద ఆదాయ వనరు. కువైట్, ఖతార్లలో విడుదల కాదని తెలిసినా వెనకడుగు వేయలేదు. మన తెలుగుకు ఆ ఇబ్బంది ఇంకా తక్కువ. మన ఓవర్సీస్ డబ్బులో పెద్ద వాటా అమెరికాది, అక్కడ ఇటువంటి సినిమాను ఆపేవాళ్లు లేరు. మన అగ్రహీరోల్లో చాలామందికి సొంత బ్యానర్లున్నాయి. 2018లో నాని నిర్మాతగా వచ్చిన 'అ!'లో ఒక అమ్మాయి తను ప్రేమించిన అమ్మాయిని తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. మా ఊళ్లో ఆ సన్నివేశానికి ఎవరూ లేచి వెళ్లలేదు.

మాస్ జనం ఒప్పుకోరనేవాళ్లకు 'ఉప్పెన' చూపిస్తాను. 2021లో కొత్త హీరో, సముద్రం ఒడ్డున పేదింటి కుర్రాడు. కథానాయిక తండ్రి అతని మగతనాన్నే కోసేస్తాడు. మగాడంటే అదొక్కటే కాదని చివర్లో ఆ అమ్మాయి తండ్రి మొహం మీద చెబుతుంటే బి, సి సెంటర్లలో, అంటే చిన్న పట్టణాల్లో, పల్లెటూళ్లలో జనం చప్పట్లు కొట్టారు. 2011లో 'కాంచన'లో శరత్‌కుమార్ వేసిన హిజ్రా పాత్రకు ఏడ్చినవాళ్లూ వాళ్లే. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

నాకు కోపం తెప్పించేది మరొకటి ఉంది. "జనం ఒప్పుకోరు" అంటున్న ఈ పరిశ్రమే ఏళ్ల తరబడి ఆడంగి నడక, వంకర మాట పెట్టి కామెడీ ట్రాకులు రాసి డబ్బు చేసుకుంది. ఇద్దరు మగవాళ్లు దగ్గరగా నిలబడితే వెనక ఒక వెకిలి సంగీతం. మా బుకింగ్ కౌంటర్‌లో ఒక కుర్రాడు పనిచేసేవాడు. నెమ్మదస్తుడు, లెక్కలో ఎన్నడూ రూపాయి తేడా రాలేదు. అటువంటి ట్రాకు ఉన్న సినిమా ఒకటి మా హాల్లో బాగా ఆడింది. క్యూలో నిలబడ్డవాళ్లు కౌంటర్ కంతలోంచి ఆ డైలాగులే అతని మొహం మీద అనేవారు. రోజుకు నాలుగు ఆటలు, నాలుగు క్యూలు. లోపల స్టోరులోకి మార్చుతానన్నాను, ఒప్పుకోలేదు. ఆ నెల జీతం తీసుకుని చెన్నై వెళ్లిపోయాడు. కలెక్షన్ల పోస్టర్లు వేసుకున్నవాళ్లకు ఈ లెక్క ఎప్పటికీ తెలియదు. అతని కథ లాంటి కథలో ఒక పెద్ద హీరో నటిస్తే, అదే క్యూలో అదే కుర్రాళ్లు ఈసారి ఏ డైలాగు చెబుతారో నాకు చూడాలని ఉంది.

గొడవలు జరుగుతాయంటారు. 1998 డిసెంబరులో ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ 'ఫైర్' మీద ముంబయి, ఢిల్లీ హాళ్లలో దాడులు జరిగిన మాట నిజం. అద్దాలు పగిలితే నష్టం మాలాంటివాళ్లదే, కాబట్టి ఆ భయం నాకు తెలుసు. కానీ మరుసటి ఏడాది అదే సినిమా కోతలు లేకుండా మళ్లీ ఆడింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షను మీద తీర్పు ఇచ్చి, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదన్నాక అటువంటి బెదిరింపులకు చట్టం ఆసరా కూడా పోయింది.

విడుదల తేదీ గురించి ఎవరూ ఆలోచించడం లేదు. హిందీలో వచ్చిన ఇటువంటి కథలు చూడండి. 'ఏక్ లడ్‌కీ కో దేఖా తో ఐసా లగా' 2019 ఫిబ్రవరి 1, 'శుభ్ మంగళ్' 2020 ఫిబ్రవరి 21, 'బధాయి దో' 2022 ఫిబ్రవరి 11. అన్నిటినీ ప్రేమికుల దినం చుట్టూ తెచ్చి పెడతారు. మన దగ్గర ఫిబ్రవరి అంటే ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో టీవీ కూడా కట్టేసే నెల. కుటుంబాలు రావాల్సిన సినిమాను ఆ నెలలో వేస్తే ఎలా?

నిర్మాతలెవరైనా ఇది చదువుతుంటే నా సలహా ఇది. ఖర్చు అదుపులో పెట్టండి, ఏరియాలు అమ్మకండి, పర్సెంటేజ్ మీద, అంటే వచ్చిన వసూళ్లలో హాలుకు ఇంత వాటా అని, సొంతంగా విడుదల చేయండి. దసరా సినిమాల జోరు తగ్గిన వారం ఎంచుకోండి. ఉత్తరాంధ్రలో మొదట విశాఖ, విజయనగరం, శ్రీకాకుళంలో ఒక్కో హాలు చాలు. రెండో శుక్రవారం గాజువాక, అనకాపల్లి, బొబ్బిలి కలపండి. బొబ్బిలిలో మ్యాట్నీకి ఆడవాళ్లు బాగా వస్తారు. అక్కడ ఆ ఆట మాత్రం ఇంకో సినిమాకు వదులుకోవద్దు.