దసరాకు తాబేలు పిల్లలు రావు

ప్రశ్న: మా అమ్మాయి అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి మూగజీవాలంటే దానికి ప్రాణం. ఈమధ్య ఫోనులో ఒక ప్రకటన చూసింది. దసరా సెలవుల్లో వారం రోజులు అంతర్వేది వైపు తీరంలో సముద్ర తాబేళ్ల సంరక్షణలో స్వచ్ఛందంగా పనిచేయవచ్చునని, రోజూ సాయంత్రం పిల్ల తాబేళ్లను చేతుల్లోకి తీసుకుని సముద్రంలో వదలవచ్చునని, చివర సర్టిఫికెట్ ఇస్తామని అందులో ఉంది. రుసుము 24,500 రూపాయలు. సీట్లు తక్కువ కాబట్టి సగం డబ్బు రెండు రోజుల్లో పంపాలట. సేవ చేయడానికి డబ్బు కట్టడమేమిటి, ఇదంతా మోసం అని మా వారు అంటున్నారు. అమ్మాయి అలిగి కూర్చుంది. ఎవరి మాట వినాలి? (ఒక తల్లి, అమలాపురం)

జవాబు: అమ్మా, ఈ ప్రకటన నమ్మదగినది కాదు. అయితే మీ వారు చెప్పిన కారణం కంటే బలమైన కారణం అందులోనే ఉంది. అది దసరా అన్న మాట. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి. ఇసుకలో పెట్టిన గుడ్లు పొదగడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, ఆలస్యంగా పెట్టిన గుడ్ల నుంచి సైతం పిల్లలు ఎండాకాలంలోనే బయటికి వచ్చి సముద్రంలో కలిసిపోతాయి. తుపానులు వచ్చే దసరా రోజుల్లో, రోజూ సాయంత్రం వదలడానికి పిల్లలను ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ఒక్క ప్రశ్న అమ్మాయి చేతనే వాళ్లకు ఫోను చేయించి అడిగించండి. నిజంగా ఈ పని చేసేవారైతే వెంటనే జనవరిలో రమ్మంటారు. కానివారు నీళ్లు నములుతారు.

నిజమైన సంరక్షణ పని ఆ జీవి కాలాన్ని, అవసరాన్ని బట్టి నడుస్తుంది. మన సెలవులను బట్టి, మన ఫొటోలను బట్టి నడిచేది మరొకటేదో అవుతుంది. మిగిలిన పరీక్షలన్నీ నాకు ఇందులో నుంచే పుట్టినట్టు కనిపిస్తాయి.

కొన్నేళ్ల క్రితం ఒక మార్చి రాత్రి సఖినేటిపల్లి మండలంలోని తీరంలో, తాబేళ్లకు కాపలా కాసే మత్స్యకార యువకులతో కలిసి నడిచాను. టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టి, అది కూడా అవసరమైనప్పుడే వెలిగించేవారు. మూడు గంటలు నడిచాక ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టున్న ఒక జాడ కనిపించింది. అందరం అక్కడే ఆగి కూర్చున్నాం. తాబేలు వెనుక కాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన బరువుతో అదిమి, తిరిగి నీటిలోకి వెళ్లేవరకు ఎవరూ మాట్లాడలేదు. అది వెళ్లాక ఒకరు గుడ్లు తీస్తూ ఉంటే మరొకరు పైకి లెక్కపెట్టారు. నూటికి పైగానే ఉన్నాయి. పైకి ఉన్న వైపు పైకే ఉండేలా బుట్టలో పేర్చి, ఆ రాత్రే కంచె వేసిన హేచరీలో అదే లోతున గొయ్యి తీసి పాతిపెట్టారు. హేచరీ అంటే మన ప్రాంతంలో అందరికీ రొయ్య పిల్లలే గుర్తుకు వస్తాయి గానీ, ఇది నాలుగు వెదురు కర్రలు, ఒక వల, లోపల ఇసుక మాత్రమే. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తరువాత తిరగేస్తే చచ్చిపోతుంది. అందుకే ఆ తొందర, ఆ జాగ్రత్త. ఆ రాత్రంతా నాకు అప్పగించిన పని నోటు పుస్తకంలో తేదీ, సమయం, గుడ్ల సంఖ్య రాయడం. తాబేలును నేను తాకలేదు. తాకుతానని అడిగి ఉంటే మరుసటి రోజు నన్ను రానిచ్చేవారు కాదు.

మీ అమ్మాయి చూసిన ప్రకటనలో ‘రోజూ సాయంత్రం’ అన్న మాట కూడా నన్ను కలవరపెట్టింది. పిల్లలు సాధారణంగా ఇసుక చల్లబడిన తరువాత, రాత్రి వేళ పైకి వస్తాయి. వచ్చిన వెంటనే అవి ఆగకుండా పాకుతాయి, ఆగకుండా ఈదుతాయి. పుట్టుకతో ఒంట్లో మిగిలిన పచ్చసొన బలమే వాటిని లోతు నీటి దాకా చేరుస్తుంది. డబ్బు కట్టిన వారు వచ్చే వేళ వరకు వాటిని తొట్టిలో ఉంచితే ఆ బలమంతా తొట్టిలోనే ఖర్చవుతుంది. చేత్తో తీసుకెళ్లి నేరుగా నీటిలో వదలడం కూడా సరికాదు; కొంత దూరం ఇసుక మీద వాటిని సొంతంగా నడవనివ్వాలి. కాబట్టి అలాంటి చోట పిల్లలు నిజంగా ఉన్నా సరే, అక్కడ జరిగేది సంరక్షణ కాదు.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లే తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. ఆ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా ఉన్నాయి. అందువల్ల గుడ్లు తరలించే పని అటవీ శాఖ చేయాలి, లేదా ఆ శాఖ అనుమతితో మరొకరు చేయాలి. అడిగితే నిజమైన నిర్వాహకులు అనుమతి పత్రం చూపిస్తారు, ఏ రేంజి అధికారి పరిధిలో పనిచేస్తున్నారో చెబుతారు. మీరు అటవీ శాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయానికి వెళ్లి అదే పేరు చెప్పి సరిచూసుకోవచ్చు. అనుమతి లేని చోట మీ అమ్మాయి గుడ్డు ముట్టుకుంటే చిక్కు నిర్వాహకులతో ఆగదు, ఆమెకూ చుట్టుకుంటుంది.

మీ వారి అభ్యంతరానికి వస్తాను. డబ్బు అడిగినంత మాత్రాన మోసమని అనలేము. భోజనం, బస, పడవ డీజిలు ఎవరో ఒకరు భరించాలి. అయితే ఏ పద్దు కింద ఎంత తీసుకుంటున్నారో రాసి ఇవ్వాలి, రసీదు ఇవ్వాలి, డబ్బు సంస్థ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి. వ్యక్తి పేరున ఉన్న ఫోను నంబరుకు పంపమంటే అక్కడే ఆగిపోండి. రిజిస్ట్రేషను నంబరు, స్వచ్ఛంద సంస్థల నమోదుకు నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్ నంబరు చూపితే సరిచూడండి గానీ, వాటితో తృప్తిపడకండి. ఆ నంబర్లు ఒక సంస్థ ఉందని మాత్రమే చెబుతాయి. అది తాబేళ్లకు మేలు చేస్తోందని చెప్పవు. ఆదాయపు పన్ను రాయితీ వస్తుందని ఊరిస్తే ఇంకా అనుమానించండి. ఆ రాయితీ విరాళానికే గాని, బస కోసం, కార్యక్రమం కోసం కట్టిన రుసుముకు కాదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా చేయకండి. వెబ్‌సైటు లేని, ఇంగ్లిషు కరపత్రం లేని పల్లెకారుల బృందం పదేళ్లుగా నిజాయతీగా గుడ్లు కాస్తూ ఉండవచ్చు. ఆ ఊరి రేవుకు వెళ్లి వలలు బాగుచేసుకునే వారిని అడగండి. రాత్రిపూట తీరంలో నడిచేదెవరో వాళ్లకు తెలియకుండా ఉండదు. మీ ప్రకటనలోని సంస్థ పేరు ఆ రేవులో ఒక్కరికీ తెలియకపోతే నా దృష్టిలో అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ప్రశ్న: భీమవరంలో జువాలజీ చదువుతున్నాను. దక్షిణాఫ్రికాలో తల్లిలేని సింహం పిల్లలకు పాలు పట్టి పెంచి అడవికి పంపే కేంద్రంలో నెల రోజుల అవకాశం ఉందని ఒక ఏజెంటు చెబుతున్నారు. రుసుము లక్షల్లో ఉన్నా, భవిష్యత్తుకు ఉపయోగమని వెళ్లాలనుకుంటున్నాను. వెళ్లవచ్చునా? (ఒక విద్యార్థి, భీమవరం)

జవాబు: వెళ్లవద్దు బాబూ. మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని అడవికి పంపడం దాదాపు అసాధ్యం. దానికి మనుషులంటే భయం పోతుంది, వేట రాదు. అలాంటి కేంద్రాల్లో చాలా చోట్ల ఆ పిల్లలు తల్లిలేనివి కూడా కావు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి దగ్గర నుంచి వేరుచేస్తారు. పిల్ల దూరమైన తల్లి మళ్లీ త్వరగా ఎదకు వస్తుంది కనుక ఏడాది పొడవునా పాలు పట్టించడానికి పిల్లలు దొరుకుతూనే ఉంటాయి. పెరిగిన తరువాత వాటిలో ఎన్నింటినో కంచెల మధ్యనే డబ్బు కట్టిన వేటగాళ్లు కాల్చి చంపేవారు, ఎముకలు అమ్ముడుపోయేవి. ఈ వ్యాపారానికి స్వస్తి చెప్పాలని 2021లో ఆ దేశ ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందమే సిఫారసు చేసింది. నిర్వాహకులను ఒకటే అడగండి: మీరు పెంచిన పిల్లల్లో ఎన్ని, ఏ అడవిలో, ఏ సంవత్సరం వదిలారు? పేరు, తేదీ లేని జవాబు జవాబు కాదు. జువాలజీ విద్యార్థికి ఈ డెల్టా చాలదా? కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది, నీటికుక్క ఉంది. అనుమతితో వాటి మీద పనిచేసే పరిశోధకులకు చేయందించండి. అడవిలో అమర్చిన కెమెరాలు తీసిన ఫొటోలు వేరుచేసి పట్టికలు రాసే విసుగు పని మీ చదువుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మడ మొక్కలు నాటే కార్యక్రమమని చెప్పి నా దగ్గర 8,000 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. నిన్న మరొకరు ఫోను చేసి, 1,500 కడితే మొత్తం వాపసు ఇప్పిస్తామన్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: ఆ 1,500 కట్టకండి, రెండో ఫోను కూడా మొదటి ముఠాదే అయి ఉంటుంది. ఈ జవాబు అచ్చయ్యే దాకా మీరు ఆగకూడదని మీకు విడిగా కూడా కబురు పంపాం. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, మీ బ్యాంకుకు లావాదేవీ నంబరుతో సహా రాసి ఇవ్వండి, ప్రకటన బొమ్మలనూ సందేశాలనూ చెరిపేయకండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఊరుకోవద్దు, జాలిగుండె ఉండటం మీ తప్పు కాదు.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. రాత్రిళ్లు ఇసుకలో నడవలేను. పైసా ఖర్చు లేకుండా, మోసం భయం లేకుండా నేను చేయగల పని ఉందా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసాపురం)

జవాబు: ఉంది మాస్టారూ. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దగ్గర కాకినాడ తీరపు బురద మేటల్లో, కోరింగలో అటవీ శాఖ, పక్షి ప్రేమికులు కలిసి లెక్కిస్తారు. అరుదైన ఇండియన్ స్కిమ్మర్‌ను కాకినాడ దగ్గర శీతకాలంలో చూసినవారున్నారు. డిసెంబరులోనే వన్యప్రాణి విభాగం కార్యాలయంలో మీ పేరు ఇవ్వండి. పక్షుల పేర్లు రాకపోయినా ఫరవాలేదు. చూసేవారు చెబుతుంటే తప్పు లేకుండా పట్టికలో నింపే మనిషి ప్రతి జట్టుకూ కావాలి, ఆ పని మీకంటే బాగా చేసేవారెవరు? తెల్లవారుజామునే చేరుకోవాలి, మంచినీళ్లు, టోపీ మీరే తెచ్చుకోవాలి. ముదురు రంగు చొక్కా వేసుకోండి; తెల్ల పంచె కడితే పక్షులు దూరం నుంచే లేచిపోతాయి.