శుక్రవారం కూటం ఆపేయాలా అన్న ప్రశ్నకు

వందనాలు సిస్టర్. ప్రభువునందు నిద్రించిన మీ అత్తగారు ఇంట్లో మొదలుపెట్టిన శుక్రవారం ప్రార్థన కూటానికి ఇప్పుడు ముగ్గురే వస్తున్నారని, ఆపేస్తే ఆవిడకీ దేవుడికీ ద్రోహం చేసినట్టు ఉంటుందని రాశారు.

నేనైతే ఆపేయమనే చెబుతాను. దేవుడు మొదలుపెట్టించిందైనా ఒకనాటికి ముగియొచ్చు. బైబిల్లో ఏలీయా ప్రవక్తను కెరీతు వాగు దగ్గరికి పంపింది దేవుడే. కాకులు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చేవి. అయినా వానల్లేక ఆ వాగు ఎండిపోయింది. అందులో ఏలీయా తప్పేమీ లేదు. సారెపతు అనే ఊరికి వెళ్లమన్న మాట వచ్చింది కూడా వాగు ఎండాకే. 1 రాజులు 17లో ఆ వరస చూడండి.

ఇంకోటి, 2 రాజులు 18:4. మోషే దేవుడు చెబితేనే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు, జనం దానికి ధూపం వేస్తున్నారని. మీది అంతదాకా వెళ్లిందనను. కానీ "అత్తయ్య పెట్టింది" అన్న ఒక్క కారణమే మిగిలితే ఆలోచించాల్సిందే.

అలాగని చడీచప్పుడు లేకుండా మానేయకండి. ముందు మీవారితో, పాస్టరుగారితో మాట్లాడండి. ఒక శుక్రవారం పాతవాళ్లందరినీ పిలిచి కృతజ్ఞత కూటం పెట్టి, ఆవిడకు ఇష్టమైన కీర్తనలు పాడుకోండి. చర్చి దాకా నడవలేక మీ ఇంటికే వచ్చే పెద్దావిడ ఉన్నారన్నారు కదా, ఇకమీదట మీరే వారానికోసారి ఆవిడ ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి రండి. చాపలు, తబలా సండేస్కూలుకి ఇచ్చేయొచ్చు. అత్తయ్యగారి బైబిలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.