ఎఫ్2 నొక్కే ముందు

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి,

మేనత్త దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న రాత్రి ఫోనులో నేను చెప్పేది సగం కూడా వినకుండా "సరే అత్తా, ఎఫ్2 నొక్కి బయాస్ లోపలికి వెళ్లి బూట్ ఆర్డర్ మార్చుకుంటాను, మిగతాది నేను చూసుకుంటాను" అని పెట్టేశావు. బయాస్ అంటే విండోస్ కన్నా ముందే లేచి యంత్రాన్ని మేల్కొలిపేది, దాని సెట్టింగ్‌ల పేజీలే ఎఫ్2తో తెరుచుకుంటాయి. ఆ "మిగతాది" గురించే నా దిగులు. అందుకే తెల్లవారగానే కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివాకే లాప్‌టాప్ తెరువు.

బత్తాయి కాపు అమ్మిన డబ్బుతో మీ నాన్న కొనిచ్చిన లాప్‌టాప్ అది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నీ ఏడో తరం ఐ3కి విండోస్ 11 అధికారికంగా రాదు. కాబట్టి ఉబుంటు అనే ఉచిత లినక్స్ సిస్టమ్ వేసుకోవాలన్న నీ ఆలోచన సరైనదే. విండోస్‌ను పక్కనే ఉంచుకుంటానన్నావు, అదీ మంచిదే. అయితే ముందుగా ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించు. "తరవాత చేస్తానులే" అనుకునే పని కాదు ఇది.

ఉబుంటు ఎక్కించాలంటే యంత్రాన్ని ఒక్కసారి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి, అంటే మొదలుపెట్టాలి. దానికి బూట్ ఆర్డర్, అంటే యంత్రం ముందు దేన్ని చూడాలో చెప్పే వరుస, మార్చాల్సిన అవసరం లేదు. ఇంటికి చుట్టం వచ్చాడని గుమ్మం దిక్కు మార్చుకోం కదా. ఆ ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే బూట్ మెనూ వేరుగా ఉంటుంది. నీ ఏసర్‌లో దాని మీట ఎఫ్12. డెల్‌లోనూ, చాలా లెనోవోల్లోనూ అదే. హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. నీ స్నేహితులు అడిగితే ఇది చెప్పు, బయాస్‌లోకి పంపకు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో నీకు తెలియాలి. ప్రకాశం బజారులో నేను దుకాణం పెట్టిన కొత్తలో దేవరకొండ వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు లాప్‌టాప్ తెచ్చాడు. ఆన్ చేస్తే నల్లటి తెర, బూట్ డివైస్ లేదని ఒకే ఒక్క వరుస. వాళ్ల అబ్బాయి ఏదో నొక్కాడన్నాడు. విండోస్ పాడైందని తేల్చేసి నేను కొత్తగా ఎక్కించడం మొదలుపెట్టాను. డిస్క్ జీపీటీ అనే కొత్త తరహా విభజన పద్ధతిలో ఉంది, దీని మీద ఎక్కించడం కుదరదని ఇన్‌స్టాలర్ ఆపింది. ఆ మాటలోనే అసలు రోగం పేరు ఉంది. నేను చదివాను గానీ ఆలోచించలేదు. ఉన్న పార్టిషన్లన్నీ, అంటే డిస్కులోని భాగాలన్నీ, తీసేసి పని ముగించాను. సాయంత్రం బయాస్ తెరిచి చూస్తే బూట్ మోడ్ లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంది. జీపీటీ డిస్కులోని విండోస్‌కు కావాల్సింది యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి. ఆ పిల్లవాడు మార్చింది అదొక్కటే. తిరిగి యూఈఎఫ్ఐ అని పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో అతని విండోస్ అతనికి దక్కేది. ఆ డిస్కులో చనిపోయిన వాళ్లమ్మ ఫొటోలు ఉన్నాయట. "ఫర్వాలేదమ్మా" అని డబ్బులిచ్చి వెళ్లాడు. నా మీద అరిచినా బాగుండేది.

లెగసీలో యంత్రం డిస్కు మొట్టమొదటి సెక్టారు చూస్తుంది. యూఈఎఫ్ఐలో అయితే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉన్న ఒక చిన్న పార్టిషన్‌లోకి వెళ్లి, అక్కడ సిస్టమ్‌ను మొదలుపెట్టే ఈఎఫ్ఐ ఫైలును వెతుకుతుంది. తాళంచెవి ఒక గూట్లో పెట్టి ఇంకో గూట్లో తడుముకుంటే దొరకనట్టే, ఒక పద్ధతిలో ఎక్కించిన విండోస్ రెండో పద్ధతిలో కనిపించదు. అంతమాత్రాన అది పోయినట్టు కాదు. బూట్ ఆర్డర్ మార్చినా, ఈ మోడ్ మార్చినా డిస్కులోని ఫైళ్లు చెరిగిపోవు. నల్లటి తెర చూసి కంగారుపడేది మనం, ఆ కంగారులో మనం చేసే పనే ఫైళ్లను చెరిపేస్తుంది.

ఆ రోజు నుంచి దుకాణంలో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. బయాస్‌లో ఏది మార్చినా ముందు పాత విలువ రాస్తాను. నువ్వు ఫోనుతో ప్రతి పేజీ ఫొటో తీసుకో, అది ఇంకా తేలిక. ఒకసారికి ఒక్కటే మార్చు, రీస్టార్ట్ చేసి చూడు, ఆ తరవాతే రెండోది.

ఇక నీ యంత్రం సంగతి. చార్జర్ పెట్టు. విండోస్‌లో షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, కొంత భాగం నిద్రలోనే ఉంటుంది. రెండు సిస్టమ్‌లు పక్కపక్కన ఉండాలంటే ఆ ఫాస్ట్ స్టార్టప్‌ను కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ఆపేయాలి. తెర నల్లబడగానే ఎఫ్2ను టకటకా కొడుతూ ఉండు. ఒకసారి నొక్కి చెయ్యి తీసేస్తే అది దాటిపోయి విండోస్‌లోకి వెళ్లిపోతుంది. రెండుమూడుసార్లు అలా తప్పినా నిరాశపడకు.

లోపల మౌస్ మీద ఆధారపడకు, బాణం మీటలతోనే నడువు. మెయిన్ పేజీలో ఎఫ్12 బూట్ మెనూ అనే వరుస ఉంటుంది. ఏసర్‌లో చాలాసార్లు అది డిసేబుల్డ్ అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్డ్ చెయ్యి. ఎఫ్10 నొక్కి, సేవ్ చేయాలా అంటే అవును అను. మొదటి రోజుకు ఇంతే. ఏదో తప్పు నొక్కానని అనుమానం వస్తే ఎఫ్10 జోలికి పోకుండా, సేవ్ చేయకుండా బయటికి వచ్చేయి.

అదే పేజీలో సాటా మోడ్, అంటే యంత్రం డిస్కుతో మాట్లాడే పద్ధతి, కనిపిస్తుంది. దాన్ని తాకకు. దాన్ని ఊరికే మార్చి, మర్నాడు నీలం తెరతో నా దుకాణానికి వచ్చినవాళ్లు ఎందరో. బయాస్ అప్‌డేట్ కూడా నీకు ఇప్పుడు వద్దు. మధ్యలో కరెంటు పోయి యంత్రం ఆగితే మళ్లీ లేవకపోవచ్చు.

సెక్యూర్ బూట్, అంటే నమ్మదగిన సంతకం లేని బూట్ ఫైళ్లను ఆపే కాపలా, తీసేయాలని ఎవరో చెప్పారన్నావు. ఉబుంటుకు ఆ అవసరం లేదు. దాని బూట్ ఫైలుకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, సెక్యూర్ బూట్ ఉండగానే మొదలవుతుంది. అన్ని లినక్సులకూ అలా ఉండదు, నువ్వు ఎంచుకున్నదానికి ఉంది. ఆ తాళం మనల్ని కాపాడేది, కారణం లేకుండా తీయకు. విండోస్ సెట్టింగ్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడు. ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసిపెట్టు. బూట్ సెట్టింగ్‌లు మారితే అది అడగవచ్చు.

పెన్‌డ్రైవ్‌ను రూఫస్ అనే ప్రోగ్రాంతో తయారు చేసేటప్పుడు జీపీటీ, యూఈఎఫ్ఐ అని ఎంచుకో. పెట్టి, రీస్టార్ట్ చేసి, ఎఫ్12 కొట్టు. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు రాకపోతే రెండో పోర్టులో పెట్టి చూడు, అయినా రాకపోతే మళ్లీ తయారు చెయ్యి. బయాస్‌లో ఉన్నవన్నీ అటూ ఇటూ తిప్పడం మాత్రం మొదలుపెట్టకు.

ఉబుంటు ఎక్కాక ఏసర్ ఒక చిక్కు పెట్టవచ్చు. అంతా సవ్యంగా ముగిసినా నేరుగా విండోస్‌లోకే వెళ్తుంది. ఉబుంటు ఎక్కలేదనుకుని మళ్లీ మొదటినుంచి చేసినవాళ్లను చూశాను. అది ఎక్కింది, యంత్రం దాన్ని ఇంకా నమ్మలేదు, అంతే. మళ్లీ ఎఫ్2తో లోపలికి వెళ్లు. సెక్యూరిటీ పేజీలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టు. అది పెట్టేదాకా కొన్ని వరుసలు బూడిదరంగులోనే ఉండి కదలవు. పెట్టాక, నమ్మదగిన యూఈఎఫ్ఐ ఫైలును ఎంచుకోమనే వరుస తెరుచుకుంటుంది. ఎంటర్ కొడితే హెచ్‌డీడీ0 అని నీ డిస్కు, దానిలో ఈఎఫ్ఐ, దానిలో ఉబుంటు, దానిలో షిమ్‌ఎక్స్64 అనే ఉబుంటు బూట్ ఫైలు. దాన్ని ఎంచుకుని, దానికి ఒక పేరు ఇవ్వు, ఎఫ్10తో సేవ్ చెయ్యి. మళ్లీ వచ్చి బూట్ పేజీ చూస్తే నువ్విచ్చిన పేరు జాబితాలో ఉంటుంది. దాన్ని పైకి జరుపు, ఏ మీటతో జరగాలో ఆ పేజీలోనే రాసి ఉంటుంది. బూట్ ఆర్డర్‌తో నిజంగా పని పడేది ఇక్కడే.

పని కాగానే ఆ పాస్‌వర్డ్ తీసేయి. మళ్లీ అదే వరుసకు వెళ్లి పాతది కొట్టి, కొత్తది అడిగినచోట ఖాళీగా ఉంచి ఎంటర్ నొక్కితే చాలు. అది ఉండేది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో. మరిచిపోతే ఫార్మాట్ చేసినా పోదు. చాలా లాప్‌టాప్‌ల్లో లోపలి బ్యాటరీ తీసినా పోదు, సర్వీస్ సెంటరుకు పరుగెత్తాల్సిందే.

ఇంకొకటి. పాత యంత్రం కాబట్టి మొదటి పేజీలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. సరిచేసినా మర్నాటికి ఏళ్ల వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పితే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు, తప్పు నెట్‌దని అనుకుంటావు.

ఆదివారం పొద్దున మొదలుపెట్టు, రాత్రి నిద్రమత్తులో వద్దు. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా అక్కడే ఆపి, తెర ఫొటో తీసి పంపు. నేను దుకాణంలోనే ఉంటాను. ఫార్మాట్ అనే మాట ఎక్కడ కనిపించినా ముందు నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
నీ మేనత్త